నవ్వుతుండగానే కాలు జారుతుంది: కొరియా ‘ద హోస్ట్’ భయపెట్టే తీరు

క్లుప్తంగా: 2006లో వచ్చిన దక్షిణ కొరియా సినిమా ‘ద హోస్ట్’లో భయం, హాస్యం వంతులేసుకుని రావు, ఒకే షాట్‌లో కలిసి వస్తాయి. ఆ రెంటినీ కలిపే ముడి ‘పొరపాటు’: చెయ్యి జారడం, లెక్క తప్పడం, చెప్పింది వినిపించుకోకపోవడం. సియోల్‌లో 2000లో నిజంగా జరిగిన ఒక ఘటన ఈ కథకు మూలం. సినిమా చూడనివారికి ముందుమాట: ఇక్కడ ముగింపు కూడా చర్చకు వస్తుంది.

సియోల్‌లో ఒక పెద్ద జిమ్నాజియం. వరసలుగా ఫొటోలు, పూలు. అవన్నీ హాన్ నదిలోంచి బయటికొచ్చిన జంతువు బారిన పడ్డవాళ్లవి. స్కూలు యూనిఫాంలో ఉన్న ఒక పాప ఫొటో ముందు తండ్రి, తాత, బాబాయి, మేనత్త ఏడుస్తున్నారు. ఏడుపు ముదిరి ఒకరినొకరు పట్టుకుంటారు, తోసుకుంటారు, చివరికి నలుగురూ నేలమీద పడి కాళ్లు కొట్టుకుంటూ దొర్లుతారు. విలేకరులు చుట్టూ మూగి ఫొటోలు తీస్తుంటారు. ఆ గోలలోనే ఫలానా నంబరు కారు అడ్డంగా ఉంది, తీయాలి అంటూ ఒక ప్రకటన. కాసేపటికి ఒంటినిండా పసుపు రంగు రక్షణ సూటు వేసుకున్న అధికారి హుందాగా నడిచొచ్చి, అందరి ముందూ జర్రున జారి పడతాడు. లేచి సర్దుకుని, ఏం జరిగిందో తాను చెప్పడం కంటే టీవీలో చూస్తేనే బాగుంటుందంటాడు. టీవీ పెడితే అందులో ఆ వార్తే లేదు.

ఈ సినిమాను మొదటిసారి చూసేవాళ్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. ఇది హారరా, కామెడీయా? పాప పోయిన ఇంట్లో నవ్వొచ్చే సీను పెట్టడం దర్శకుడి మోటుతనమా, లేక కావాలని చేసిన పనా?

పేరులోనే కొంత తికమక ఉంది. కొరియన్‌లో దీని పేరు ‘గ్వేముల్’, అంటే వికృత జీవి, రాక్షసి. ఇంగ్లీషు పేరులోని ‘హోస్ట్’ ఇంటికొచ్చినవాళ్లకు మర్యాద చేసే మనిషి కాదు. సైన్సు పుస్తకాల్లో పరాన్నజీవికి ఆశ్రయమిచ్చే ప్రాణిని ‘ఆతిథేయి’ అంటారే, ఆ అర్థం. ఇదే దర్శకుడు బాంగ్ జూన్-హో 2020లో 4 ఆస్కార్లు అందుకున్న సినిమాకు ‘పారసైట్’ అని పేరు పెట్టడం చూస్తే, ఆతిథేయి నుంచి పరాన్నజీవి దాకా ఆయన జీవశాస్త్రం పాఠం పూర్తిచేసినట్టే.

పొసగని రసాలు

హాస్యానికి, భయానికి పడదన్నది మన లాక్షణికులు ఎప్పుడో చెప్పిన మాట. ‘సాహిత్యదర్పణం’ అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథంలో విశ్వనాథుడు హాస్యరసానికి విరోధులుగా చూపినవి రెండు: భయానకం, కరుణ. ఒకటి నిలబడాలంటే రెండోది తప్పుకోవాలి. తెలుగులో ఏళ్లుగా వస్తున్న హారర్ కామెడీలు చాలావరకు ఈ గీత దాటవు. పాడుబడ్డ బంగళాలోకి నలుగురు కమెడియన్లు వెళ్తారు, వాళ్లు భయపడుతుంటే జనం నవ్వుతారు. తర్వాత దయ్యం గతం చెప్పే ఫ్లాష్‌బ్యాక్‌లో హాస్యం పూర్తిగా ఆగిపోతుంది. కామెడీ ట్రాక్ కామెడీ ట్రాకే, దయ్యం ట్రాక్ దయ్యం ట్రాకే. నవ్వు అక్కడ కాసేపు ఊపిరి పీల్చుకోవడానికి ఇచ్చే విరామం.

‘ద హోస్ట్’ ఆ విరామం ఇవ్వదు. జిమ్నాజియంలో జారిపడ్డ అధికారిని చూసి నవ్వు వస్తుంది. మరుక్షణం ఇంకో సంగతి తడుతుంది: ఈ విపత్తు నుంచి జనాన్ని కాపాడాల్సినవాడు ఇతనే. నవ్వు వల్ల భయం తగ్గకపోగా పెరుగుతుంది. నేలమీద దొర్లుతున్న కుటుంబం విషయమూ అంతే. నిజమైన ఏడుపు అందంగా ఉండదు. దుఃఖంలో ఉన్నవాళ్లను దూరం నుంచి చూసేవాడికి అది ఒక్కోసారి వింతగా, ఇబ్బందిగా కనిపిస్తుంది. మామూలుగా సినిమాలు కత్తిరించేసే ఆ ఇబ్బందిని బాంగ్ అలాగే ఉంచేశాడు.

పిక్సారి: గొంతు చీలిన చోటు

దీనికి కొరియాలో ఒక వాడుక మాట ఉంది: ‘పిక్సారి’. పై స్థాయిలో పాడుతూ ఉండగా గొంతు ‘కీచు’మని చీలడం, బిలియర్డ్స్‌లో కర్ర బంతిని సరిగా తాకక పక్కకు జారడం, రెండూ పిక్సారే. 2006లో ఫ్రెంచి పత్రిక ‘కాయే దు సినెమా’ ఈ సినిమా గురించి రాసినప్పుడు బాంగ్ పనితనాన్ని ‘పిక్సారి కళ’ అనే అంది. తెలుగులో అపశ్రుతి అనొచ్చు గానీ, ఆ మాటకున్న గంభీరత పిక్సారికి లేదు. కచేరీలో సరిగ్గా పల్లవి ఎత్తుకునే చోట గొంతు బొంగురుపోతే సభలో ఒక క్షణం ఏమవుతుందో, అది పిక్సారి.

సినిమా మొత్తం ఇలాంటి జారుడు మీదే నడుస్తుంది. వాటిలో మొదటి పెద్ద దెబ్బ తగిలే చోటు చూడాలి. పాప తండ్రి గాంగ్-దూ నది ఒడ్డున తిండి కొట్టులో పనిచేస్తాడు. పనిచేస్తాడనడం కంటే కౌంటరు మీద తలవాల్చి నిద్రపోతాడనడం నిజం. జంతువు ఒడ్డుకెక్కి జనాన్ని తొక్కుకుంటూ వస్తుంటే కూతురు హ్యున్-సియో చెయ్యి పట్టుకుని పరిగెడతాడు. కింద పడతాడు. చటుక్కున లేచి, చేతికందిన చెయ్యి పట్టుకుని మళ్లీ పరుగు. కొంతదూరం పోయాక వెనక్కి తిరిగి చూస్తే, ఆ చెయ్యి అదే వయసున్న వేరే పిల్లది. కూతురు వెనకే ఉండిపోయింది. అప్పటికే జంతువు తోక ఆమెను చుట్టేస్తోంది.

అదే పని రెండు రీళ్ల ముందు జరిగి ఉంటే నవ్వు పుట్టించే పొరపాటు. ఇక్కడ అదే సినిమాకంతటికీ విషాదం. తర్వాత కూడా ఈ కుటుంబం గెలవబోయిన ప్రతిసారీ ఏదో ఒకటి జారుతుంది. తాత హీ-బాంగ్ తుపాకీతో జంతువుకు ఎదురు నిలుస్తాడు. కొడుకు అందించిన తుపాకీలో ఇంకో తూటా ఉందన్న నమ్మకంతో గురిపెడతాడు. లెక్క తప్పింది, తూటా లేదు. అది అర్థమయ్యాక ఆయన చేసేది ఒక్కటే: పిల్లల్ని వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేయడం. మేనత్త నామ్-జూ విలువిద్య క్రీడాకారిణి, బాణం వదలడంలో ఆలస్యం చేసి కాంస్యంతో సరిపెట్టుకున్న మనిషి. బాబాయి నామ్-ఇల్ చదువైపోయి ఖాళీగా ఉన్నవాడు, ఒకప్పుడు విద్యార్థి ఉద్యమాల్లో పెట్రోలు బాంబులు విసిరిన చెయ్యి. ఆఖరి పోరాటంలో ఆఖరి సీసా ఆ చేతిలోంచే జారి నేల మీద పగులుతుంది. ఆ మంటకే నామ్-జూ తన బాణం ముట్టించి, ఈసారి ఆలస్యం లేకుండా వదులుతుంది.

హాలీవుడ్ లెక్కలో ఇలాంటి బలహీనతలన్నీ పతాక సన్నివేశానికి ముందే నయమైపోవాలి. ఇక్కడ ఎవరికీ ఏదీ నయం కాదు. ఒకరి చేతిలోంచి జారింది ఇంకొకరి చేతికి అందుతుంది, అంతే.

మురుగుకాలువలో మొదలైన కథ

సినిమా మొదటి దృశ్యం 2000 ఫిబ్రవరి, సియోల్ నడిబొడ్డున యోంగ్సాన్‌లో ఉన్న అమెరికా సైనిక స్థావరం, అందులోని మార్చురీ. సీసాల మీద దుమ్ము పట్టిందని అమెరికన్ అధికారి విసుక్కుంటాడు. వాటిలోని ఫార్మాల్డిహైడ్‌ను సింకులో పారబోయమంటాడు. అది హాన్ నదిలో కలుస్తుందని కింది ఉద్యోగి అభ్యంతరం చెబితే, హాన్ నది చాలా విశాలమైనది, మన మనసూ విశాలంగా ఉండాలి అంటాడు. ఖాళీ సీసాల వరస మీదుగా కెమెరా నెమ్మదిగా కదులుతూ పోతుంది.

ఈ ఘటన కల్పితం కాదు. ఆ ఏడాది అదే నెలలో యోంగ్సాన్ మార్చురీలో శవాలు పాడవకుండా వాడే రసాయనాన్ని నిజంగానే కాలువలోకి వదిలారు. జులైలో ఒక కొరియా పర్యావరణ సంఘం బయటపెట్టడంతో పెద్ద గొడవైంది. ఎంత పోశారన్న దానిపై సంఘం లెక్క ఒకటి, అమెరికా సైన్యం లెక్క ఒకటి. అమెరికా సైన్యం క్షమాపణ చెప్పింది గానీ, విచారణ తమ పరిధిలోదని వాదించింది. బాధ్యుడైన అధికారికి కొరియా కోర్టు 2004లో 6 నెలల జైలుశిక్ష వేసింది. 2005లో అప్పీలులో ఆ శిక్ష అమలు కాకుండా సస్పెండ్ అయింది.

మధ్యలో 2002 జూన్‌లో అమెరికా సైనిక వాహనం కింద పడి ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. నడిపినవాళ్లను అమెరికా సైనిక కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. లక్షల మంది కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 2006 నాటి కొరియా ప్రేక్షకుడికి మొదటి సీనులోని సింకు చూడగానే ఇదంతా గుర్తొస్తుంది. బయటివాళ్లకు మాత్రం అది జంతువు ఎలా పుట్టిందో చెప్పే మామూలు సీనుగానే కనిపిస్తుంది. సినిమా విదేశాల్లో ఒకలా, సొంతగడ్డ మీద మరోలా అర్థం కావడానికి ఇదొక కారణం.

అలాగని దీన్ని అమెరికా వ్యతిరేక సినిమా అని ఒక్క ముక్కలో తేల్చేయడం తొందరపాటే. మొదటి దాడిలో జంతువు మీద గాంగ్-దూతో కలిసి కలబడిన ఒకే ఒక్క మనిషి సెలవులో ఉన్న అమెరికన్ సైనికుడు. పైగా సినిమాలో ఎక్కువ తిట్లు పడేది కొరియా అధికారులకే. దానికీ చరిత్ర ఉంది. 1994లో హాన్ నది మీద సోంగ్సు వంతెన కూలి 32 మంది, 1995లో సాంపుంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది, 2003లో దేగు మెట్రో మంటల్లో 192 మంది చనిపోయారు. పదేళ్లలో మూడు. దేగులో నిప్పు పెట్టింది ఒక మనిషే అయినా, మూడింట్లోనూ నిర్లక్ష్యం పాలుంది. ఫొటోల వరసల ముందు సామూహికంగా ఏడ్చే దృశ్యం కొరియన్లకు కొత్త కాదు.

పట్టపగలే జంతువు

రాక్షసి సినిమాలకు ఒక పాత నియమం ఉంది: జంతువును దాచు. 1975 నాటి ‘జాస్’లో సొరచేప చాలాసేపటి వరకు సరిగా కనిపించదు. యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించడం అందుకు సగం కారణం, కానీ ఆ ఇబ్బందే తర్వాత వచ్చినవాళ్లకు సూత్రమైంది. బాంగ్ దాన్ని తిరగేశాడు. సినిమా మొదలై పావుగంట కాకముందే, ఎండ కాస్తుండగా, జంతువు నిలువెత్తున కనిపిస్తుంది.

అది బయటపడే పద్ధతి కూడా ప్రత్యేకం. వంతెన కింద నల్లగా ఏదో గబ్బిలంలా వేలాడుతూ ఉంటుంది. జనం గుమిగూడి, వంతెన పనికి తెచ్చిన సామానేమో అనుకుంటారు. అది నీళ్లలోకి జారాక ఎవరో బీరు డబ్బా విసురుతాడు. తోకతో అందుకుంటుంది. ఇంకేం, తలా ఒకటి విసరడం, ఫోన్లతో ఫొటోలు తీయడం. జూలో కోతికి వేరుశెనక్కాయలు వేసే సంబరమే. మరో నిమిషంలో అది గట్టు మీద పరుగందుకుంటుంది. ఆ పరుగులోనూ పట్టు తప్పి జారుతుంది, మెట్ల మీద పడి దొర్లుతుంది. జంతువుకూ పిక్సారి తప్పలేదు.

1954లో జపాన్ ‘గాడ్జిల్లా’తో పోలిస్తే తేడా తెలుస్తుంది. ఆ ఏడాది మార్చిలో బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. దాని బూడిద జపాన్ చేపల పడవ మీద పడింది. నవంబరులో వచ్చిన ఆ సినిమాకు ఆ భయమే పునాది. ఇక్కడా అమెరికా సైన్యం చేసిన పనే మూలం, కానీ కొలత మారింది. గాడ్జిల్లా 50 మీటర్లు, నగరాలను తొక్కేస్తుంది, ఎదురుపడేది సైన్యాలూ శాస్త్రవేత్తలూ. హాన్ నది జంతువు ఇంచుమించు ఒక బస్సంత. నగరాన్ని కూల్చలేదు, మురుగుకాలువలో కాపురం పెట్టి మనుషుల్ని దాచుకుంటుంది. ఎండు స్క్విడ్ కాల్చి అమ్ముకునే కుటుంబం పోట్లాడగలిగిన సైజు అది. స్కూలు రోజుల్లో జామ్సిల్ వంతెన స్తంభం మీద ఏదో పాకుతుండగా చూశానని బాంగ్ చెప్పుకున్నాడు. కిటికీలోంచి కనిపించే వంతెనకు సరిపడే జంతువునే ఆయన ఊహించాడు.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. సినిమా ఖర్చు సుమారు 1.1 కోట్ల డాలర్లు. హాలీవుడ్ పెద్ద సినిమాకు అది చిల్లర. రూపం గీసింది కొరియా కళాకారుడు జాంగ్ హీ-చుల్. నమూనా న్యూజిలాండ్ వేటా వర్క్‌షాప్‌లో, షూటింగ్‌లో వాడిన తల బొమ్మ ఆస్ట్రేలియాలో, కంప్యూటర్ గ్రాఫిక్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ది ఆర్ఫనేజ్ సంస్థలో తయారయ్యాయి. జంతువు కనిపించే ప్రతి సెకనూ ఖరీదే. అందుకే మొదట ఒక్కసారి పూర్తిగా చూపించి ప్రేక్షకుడి కళ్లలో ముద్ర వేశాక, తర్వాత చాలాచోట్ల సైగలతో సరిపెట్టారు. జనం పరుగెత్తి దూరిన కంటెయినర్‌లోకి అదీ దూరుతుంది. మనకు కనిపించేది బయటినుంచి ఊగిపోతున్న డబ్బా, తలుపు కింద కారే రక్తం. గ్రాఫిక్స్ ఖర్చు లేదు, భయం మాత్రం పూర్తిగా ఉంది.

లేని వైరస్

జిమ్నాజియం సీను తర్వాత కథ జంతువును వదిలి ఇంకో దారి పడుతుంది. అది వైరస్‌ను మోస్తోందని ప్రభుత్వం ప్రకటిస్తుంది. దాన్ని తాకినవాళ్లందరికీ క్వారంటైన్. పాప బతికే ఉంది, మురుగుకాలువ నుంచి ఫోన్ చేసింది అని గాంగ్-దూ మొత్తుకుంటాడు. ఎవరూ వినరు. చివరికి అసలు సంగతి బయటపడేది ఒక గుసగుస ద్వారా: జంతువుతో కలబడి తర్వాత చనిపోయిన ఆ అమెరికన్ సైనికుడి శరీరంలో వైరసే లేదు. అయినా గాంగ్-దూ తలకు రంధ్రం పెట్టడం ఆగదు. వైరస్ ఎక్కడా దొరకలేదు కాబట్టి మెదడులోనే ఉండి ఉండాలట.

2003లో సార్స్ అంటువ్యాధి నాటి మాస్కులు, అదే ఏడాది సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయంటూ ఇరాక్ మీద దాడి. ఆ ఆయుధాలు దొరకలేదు. ఆ యుద్ధానికి కొరియా కూడా సైన్యాన్ని పంపింది. లేని వైరస్ ఆ రెండు జ్ఞాపకాలనూ ఒకే దెబ్బతో కొడుతుంది. వైరస్‌ను చంపడానికి తెచ్చే రసాయనం పేరు ‘ఏజెంట్ యెల్లో’. వియత్నాం యుద్ధంలో అమెరికా చల్లిన విషరసాయనం ఏజెంట్ ఆరెంజ్‌కు ఇది వెక్కిరింపు. ఆ యుద్ధంలో 3 లక్షలకు పైగా కొరియా సైనికులు పనిచేశారు కాబట్టి ఆ పేరు వాళ్లకు దూరపు చుట్టం కాదు.

ఈ భాగంలో ఒక చిన్న సీను 2020 తర్వాత చూసేవాళ్లకు వేరేలా తగులుతుంది. వాన పడుతోంది. మాస్కులు కట్టుకున్న జనం రోడ్డు దాటడానికి ఆగారు. ఒకడు దగ్గుతాడు. అందరూ ఒక అడుగు జరుగుతారు. వాడు మాస్కు కిందికి లాగి ముందున్న నీటిగుంటలో ఉమ్ముతాడు. దూరంగా బస్సు వస్తోంది. ఆ గుంట మీదుగానే. జనానికి టెన్షన్, చూసేవాళ్లకు నవ్వు. జంతువు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

గాంగ్-దూ తప్పించుకునే ఉపాయం కూడా అక్కడే ఉంది. తన రక్తం నింపిన సిరంజిని నర్సు మీద గురిపెట్టి బయటపడతాడు. లేదని తేలిన వైరస్‌నే ఆయుధం చేసుకుంటాడు. డబ్బా లాంటి ఆ గది తలుపు తీస్తే బయట సిబ్బంది తీరిగ్గా మాంసం కాల్చుకుంటున్నారు.

620 తెరలు

2006 జులై 27న కొరియాలో విడుదలైన ఈ సినిమా 21 రోజుల్లో కోటి టిక్కెట్లు దాటింది, మొత్తం 1.3 కోట్లతో అప్పటి రికార్డు కొట్టింది. దేశ జనాభా అప్పటికి 5 కోట్లు కూడా లేదు. అదే జులైలో అమెరికాతో వాణిజ్య ఒప్పందం కోసం ప్రభుత్వం ‘స్క్రీన్ కోటా’ను, అంటే థియేటర్లు ఏడాదికి తప్పనిసరిగా కొరియా సినిమాలు ఆడించాల్సిన రోజులను, 146 నుంచి 73కు తగ్గించింది. సినిమావాళ్లు రోడ్డెక్కారు. హాలీవుడ్ తమను మింగేస్తుందని భయపడుతున్న సమయంలో ఒక కొరియా సినిమా 620 తెరలు ఆక్రమించి చిన్న కొరియా సినిమాలకు చోటు లేకుండా చేసిందన్న విమర్శ రావడం చిత్రమే. పండగలకు పెద్ద సినిమాలు వస్తే థియేటర్లు దొరకక చిన్న నిర్మాతలు పడే పాట్లు తెలిసిన తెలుగువాళ్లకు ఈ గొడవ వేరే చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వాలు కూడా ఈ నవ్వును మరిచిపోలేదు. తర్వాతి ఏళ్లలో అధ్యక్షురాలు పార్క్ గన్-హే హయాంలో తయారైన కళాకారుల బ్లాక్‌లిస్టులో బాంగ్ పేరూ, గాంగ్-దూగా నటించిన సాంగ్ కాంగ్-హో పేరూ ఉన్నట్టు బయటపడింది. యోంగ్సాన్‌లోని అమెరికా సైనిక ప్రధాన కార్యాలయం 2018లో ప్యోంగ్‌తెక్‌కు తరలిపోయింది.

పదో కాలు

సినిమాలో అందరూ ఎప్పుడూ ఏదో ఒకటి తింటూనో, తినిపిస్తూనో ఉంటారు. మొదట్లోనే ఒక గిరాకీ ఫిర్యాదు చేస్తాడు: తనకిచ్చిన కాల్చిన స్క్విడ్‌కు పది కాళ్లుండాలి, తొమ్మిదే ఉన్నాయి. పదోది గాంగ్-దూ నమిలేశాడు. పాప కోసం వెతుకుతూ అలసిపోయిన కుటుంబం ఆ కొట్టులోనే కూర్చుని కప్పు నూడుల్స్ తింటుంటే, మధ్యలోంచి హ్యున్-సియో లేచి కూర్చుంటుంది. ఎవరూ ఆశ్చర్యపోరు. ఒక్క మాట లేదు. తాత ఒక ముద్ద, అత్త ఒక ముద్ద, తండ్రి ఒక ముద్ద నోటికందిస్తారు. ఆమె అప్పుడు మురుగుకాలువలో ఆకలితో ఉంది. పిక్సారి లేని దృశ్యం సినిమాలో ఇదొక్కటే అనిపిస్తుంది.

హ్యున్-సియో బతకదు. చివరిదాకా ఆమె కాపాడుకున్న అనాథ పిల్లవాడు బతుకుతాడు. అతన్ని గాంగ్-దూ తన దగ్గరే పెట్టుకుంటాడు. ఆఖరి దృశ్యంలో మంచు కురుస్తోంది. కొట్టులో ఇద్దరూ అన్నానికి కూర్చున్నారు. గాంగ్-దూ ఇప్పుడు కౌంటరు మీద నిద్రపోవడం లేదు, చేతికందేంత దూరంలో తుపాకీ పెట్టుకుని చీకట్లోకి చూస్తుంటాడు. మూలన టీవీలో జరిగినదానిపై అధికారిక వివరణ వస్తోంది. జిమ్నాజియంలో అంతమంది ఎదురుచూసినా రాని వార్త అది. పిల్లవాడు బోరు కొడుతోంది, ఆపేయమంటాడు. గాంగ్-దూ చేతులకు పని చెప్పకుండా, కాలివేళ్లతో టీవీ నొక్కేసి అన్నం కలుపుకుంటాడు.